కర్ర కొట్టే కూలీకి సర్టిఫికెట్: చట్టం అడిగేదేమిటి, కొనుగోలుదారు అడిగేదేమిటి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను. మీరు కావలి, కందుకూరు ప్రాంతాల్లో సరుగుడు, జామాయిల్ తోటలను రైతుల దగ్గర ఒప్పందానికి తీసుకుని, కూలీలతో కొట్టించి కాగితపు మిల్లులకు తోలుతున్నారు. వచ్చే సీజను నుంచి సర్టిఫికెట్ ఉన్న కూలీలతోనే కోత జరగాలని కొనుగోలుదారు తరఫు మనిషి చెప్పారు. ఆ తర్వాత మరొకరు వచ్చి, తలకింత చొప్పున కడితే అందరికీ ప్రభుత్వ గుర్తింపు కార్డులు ఇప్పిస్తానన్నారు. కెనడాలో చెట్లు కోసే పనికి వెళ్లాలనుకుంటున్న మీ మేనల్లుడికి ఆ కార్డు పనికొస్తుందా అని కూడా అడిగారు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో కోత ముఠాలకు శిక్షణ ఇవ్వడం, తోటల తనిఖీలకు వారిని సిద్ధం చేయడం నా వృత్తి కాబట్టి, తెలిసినంత వివరంగా చెబుతాను.

మన రాష్ట్రంలో రైతు పొలంలో పెంచిన సరుగుడునో, సుబాబులునో కోయడానికి కూలీ వద్ద వ్యక్తిగత లైసెన్సు ఉండాలని చెప్పే నిబంధన లేదు. మన చట్టాల దృష్టి మొదటి నుంచీ చెట్టు మీద, దాన్ని మోసుకుపోయే బండి మీద ఉందే తప్ప, రంపం పట్టిన చేతి మీద లేదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, దాని కింద 1970లో వచ్చిన అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (మనందరం వాల్టా అనేది దీన్నే) ఏ చెట్టుకు అనుమతి కావాలో, ఏ కర్రకు రవాణా పర్మిట్ కావాలో చెబుతాయి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ వంటి తోట కర్రకు వీటిలో సడలింపులున్నాయి కనుకనే మీ వ్యాపారం ఇంత సులువుగా సాగుతోంది. అదే పొలం గట్టున ఉన్న టేకును ఆ లెక్కలోనే కలిపి కొట్టిస్తే పరిస్థితి మారిపోతుంది. ఉదయగిరి, రాపూరు వైపు పట్టా భూముల్లో ఎర్రచందనం మొక్క కనిపించినా దాని జోలికి పోకూడదు. అటవీ శాఖ అనుమతి లేకుండా దాన్ని నరకడం నేరమే, నరికిన కూలీకి ఏ శిక్షణ కార్డు ఉన్నా అది రక్షణ కాదు. లారీకి పర్మిట్ ఉన్నంత మాత్రాన డ్రైవరుకు లైసెన్సు ఉన్నట్టు కాదు, డ్రైవరుకు లైసెన్సు ఉన్నంత మాత్రాన సరుకుకు బిల్లు ఉన్నట్టు కాదు. ఇక్కడ కూడా చెట్టు కాగితం, తోట కాగితం, కూలీ కాగితం వేర్వేరు. మీకు కార్డులు అమ్మజూపిన మనిషి ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడారని నా అనుమానం.

మరి కొనుగోలుదారు అడిగినది ఎక్కడి నుంచి వచ్చింది? అది తోట కాగితం నుంచి వచ్చింది. కాగితపు మిల్లులు తమ సరుకును విదేశాల్లోనూ, ఇక్కడి పెద్ద కంపెనీలకూ అమ్మాలంటే, కర్ర బాధ్యతగా పెంచి కోసిన తోటల నుంచే వచ్చిందని బయటి సంస్థ చేత ధ్రువీకరణ చూపించవలసి వస్తోంది. వీటిలో ఎక్కువగా వినిపించేది 1993లో ఏర్పడిన ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్, అంటే ఎఫ్‌ఎస్‌సి. పీఈఎఫ్‌సీ అనే మరో అంతర్జాతీయ వ్యవస్థ ఉంది. మన కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ కూడా 2023 డిసెంబరులో భారతీయ అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించింది. అడవి బయట రైతులు పెంచే చెట్లకు కూడా అందులో చోటు ఇచ్చారు. రెండు, మూడు ఎకరాల రైతు విడిగా ఇలాంటి ధ్రువీకరణ ఖర్చు భరించలేడు కనుక, వందలాది రైతులను ఒక సమూహంగా చేర్చి, ఒక సంస్థ బాధ్యత తీసుకుని, అందరి తరఫున ఒకే ధ్రువపత్రం పొందుతుంది. ఎఫ్‌ఎస్‌సి ధ్రువపత్రానికి అయిదేళ్ల కాలపరిమితి, మధ్యలో ఏటా తనిఖీ ఉంటాయి. మీరు కోసే తోటల్లో కొన్ని అలాంటి సమూహంలో ఉండి ఉండాలి. ఏ రైతు పేరు ఆ జాబితాలో ఉందో కొనుగోలుదారునే అడగండి, ఎందుకంటే ఈ షరతు ఆ తోటలకు వర్తించినట్టుగా మిగతా తోటలకు వర్తించకపోవచ్చు.

ఎఫ్‌ఎస్‌సికి పది మూల సూత్రాలున్నాయి. వాటిలో రెండవది పూర్తిగా పనివారి హక్కులు, పని పరిస్థితుల గురించినదే. అక్కడ 'పనివారు' అంటే కంపెనీ జీతగాళ్లు మాత్రమే కాదు, మీలాంటి మేస్త్రీల కింద టన్నుకింత చొప్పున పనిచేసే వాళ్లు కూడా వస్తారు. చాలామంది మేస్త్రీలు ఇది తెలియక 'మా కూలీలతో వాళ్లకేం పని?' అంటారు. ఆ సూత్రం కింద అడిగేది కూలీ తాను చేసే పనికి తగిన శిక్షణ పొందాడా, ఆ పనిని ఎవరైనా పర్యవేక్షిస్తున్నారా, శిక్షణకు రాతపూర్వక ఆధారం ఉందా అని. ఫలానా సంస్థ ముద్ర ఉన్న ప్లాస్టిక్ కార్డే ఉండాలని అక్కడ రాసి లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో విడుదల చేసిన అటవీ పనుల భద్రతా నియమావళి మాత్రం ఒక మెట్టు పైకి వెళ్లి, మిషన్ రంపం నడిపేవారికి, భారీ యంత్రాలు తోలేవారికి నైపుణ్య ధ్రువపత్రం ఉండాలని సూచిస్తుంది. అది చట్టం కాదు, సూచన. అయినా కొన్ని కంపెనీలు దాన్నే తమ షరతుగా పెట్టుకుంటాయి. అందుకే నా మొదటి సలహా ఏమిటంటే, కొనుగోలుదారు నోటిమాటను ఆధారం చేసుకోకుండా, ఏ పనికి, ఎవరి చేత, ఏ రకమైన ధ్రువీకరణ కావాలో ఒక కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆ కాగితం చేతికి రాకముందు ఎవరికీ ఒక్క రూపాయి కట్టవద్దు.

తనిఖీకి వచ్చేవాళ్లు ఏం చూస్తారో తెలిస్తే ఎలా సిద్ధపడాలో తెలుస్తుంది. వాళ్లు మీ ఫైలు చూస్తారు, కానీ దానికంటే ముందు తోటలోకి వెళ్లి కూలీలతో మీరు వినకుండా మాట్లాడతారు. రంపం పట్టిన కుర్రవాడిని 'చైన్ బ్రేకు ఎక్కడుంది, ఎందుకుంది?' అని అడుగుతారు. బెరడు ఒలిచే ఆడవాళ్లను కూలి ఎంత, ఎప్పుడు ఇస్తారు, మగవాళ్లకు ఎంత ఇస్తారు అని అడుగుతారు. ఫైల్లో శిక్షణ పొందినట్టు సంతకాలుండి, తోటలో ఆ కుర్రవాడు నీళ్లు నమిలితే, ఫైలు లేకపోవడం కంటే అది పెద్ద తప్పుగా నమోదవుతుంది. కాబట్టి శిక్షణ నిజంగా జరగాలి, ఆ తర్వాతే సంతకాలు. ఒక మామూలు పుస్తకంలో కూలీ పేరు, వయసు రుజువు, చేసే పని, శిక్షణ ఇచ్చిన తేదీ, నేర్పిన అంశాలు, నేర్పిన వ్యక్తి సంతకం, కూలీ సంతకం లేదా వేలిముద్ర రాసి ఉంచితే చాలా సమూహాలకు అది సరిపోతుంది. అమెరికాలో కలప కోత భద్రతా నిబంధన కూడా దాదాపు ఇదే కోరుతుంది. అక్కడ ఫెడరల్ ప్రభుత్వం కూలీకి లైసెన్సు ఇవ్వదు, యజమానే శిక్షణ ఇచ్చి, పేరు, తేదీ, సంతకంతో ధ్రువీకరణ రాసి ఉంచాలి, పైగా ప్రతి కూలీకీ ప్రథమ చికిత్స తెలిసి ఉండాలి.

ఇక శిక్షణలో ఏముండాలి అన్నది అసలు విషయం. మన ముఠాల్లో రంపం నడిపే వాళ్లలో ఎక్కువమంది పక్కవాడిని చూసి నేర్చుకున్నవాళ్లే, వాళ్ల చేతి నేర్పు గొప్పదే, కానీ వాళ్లకు తెలియనివి కొన్ని ఉన్నాయి. మొదటిది, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి బద్ద) కొన పైభాగం కర్రకు తగిలితే రంపం ఒక్కసారిగా పైకి, వెనక్కి తన్నుతుంది. ముఖం, మెడ, భుజం మీద పడే గాయాలకు ఇదే ముఖ్య కారణం. బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగించి పట్టడం, భుజం కంటే ఎత్తులో కోయకపోవడం, బ్రేకు వేసిన తర్వాతే ఇంజను స్టార్టు చేయడం ఎందుకో వివరించి చెబితే ఎవరైనా వింటారు. రెండవది, పడే దిశ. చేతి మందం సరుగుడు గెడకు ఇది పెద్ద సమస్య కాదు గానీ, ఏళ్ల తరబడి వదిలేసిన జామాయిల్ మానుకు మాత్రం పడవలసిన వైపు ముందుగా గాటు పెట్టాలి. ఆ గాటు లోతు మాను మందంలో సుమారు నాలుగో వంతు ఉండాలి. తర్వాత వెనుక నుంచి కోస్తూ, మధ్యలో మందంలో పదో వంతు పట్టీని తెగకుండా వదలాలి. ఆ పట్టీయే చెట్టును దారి తప్పకుండా ఒరిగేలా చేస్తుంది. పట్టీని కూడా కోసేసేవాడు త్వరగా పని ముగించవచ్చు గానీ, చెట్టు ఎటు పడుతుందో వాడికీ తెలియదు.

మూడవది దూరం. చెట్టు ఎత్తుకు రెండింతల దూరం లోపల మరో మనిషి ఉండకూడదు. పదిహేను మీటర్ల సరుగుడైతే ముప్పై మీటర్లు. మన దగ్గర ఒకరు కోస్తుంటే ఆ పక్కనే ఇద్దరు కొమ్మలు కొడుతూ, ఇంకొంచెం అవతల ఆడవాళ్లు బెరడు ఒలుస్తూ, వాళ్ల పిల్లలు నీడన ఆడుకుంటూ ఉండడం రివాజు. నా అనుభవంలో ఈ ఒక్క అలవాటును మార్చడమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే దానివల్ల పని నెమ్మదిస్తుంది, టన్ను లెక్కన కూలి తీసుకునే వాళ్లకు నెమ్మది అంటే నష్టం. తోటను ముందే సాళ్లుగా విభజించుకుని, కోత ఒక మూల, ఒలుపు మరో మూల జరిగేలా మేస్త్రి ప్రణాళిక వేస్తే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఇది కూలీకి ఇచ్చే శిక్షణ కాదు, మీకు కావలసిన శిక్షణ. పక్క చెట్టుకు చిక్కుకుని వేలాడే చెట్టు కింద నడవకపోవడం, ఇంధనం పోసిన చోటు నుంచి మూడు మీటర్లు జరిగి స్టార్టు చేయడం, పొలం మీదుగా పోయే కరెంటు తీగల దగ్గర లైన్‌మన్‌తో ఎల్‌సి (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకున్నాకే కోయడం కూడా ఇందులో భాగమే. పిలకలు రావలసిన జామాయిల్, సుబాబుల్ మొదళ్లను నేలకు దగ్గరగా, బెరడు చీలకుండా, నీరు నిలవకుండా ఏటవాలుగా కోయడం నేర్పితే రైతు కూడా సంతోషిస్తాడు. రెండో కోత దిగుబడి ఆ మొదలు మీదే ఆధారపడి ఉంటుంది.

రక్షణ దుస్తుల విషయంలో కొంచెం ఆచరణ బుద్ధి కావాలి. హెల్మెటు, ముఖానికి జాలీ, చెవులకు మఫ్‌లు, గట్టి బూట్లు, కోతను ఆపే ప్యాంటు లేదా ముందు తొడుగు ఉండాలి. రంపం చప్పుడు నూరు డెసిబెల్స్ దాటుతుంది, రోజంతా 85కు మించితేనే వినికిడికి ముప్పు కనుక చెవి మఫ్ అలంకారం కాదు. కోతను ఆపే ప్యాంటులో పొడవాటి నార పోగుల పొరలుంటాయి. చైన్ తగలగానే అవి బయటికి వచ్చి పళ్ల చక్రానికి చుట్టుకుని దాన్ని నిలిపేస్తాయి. మొదటి తరగతి దుస్తులు సెకనుకు 20 మీటర్ల చైన్ వేగం వరకు పరీక్షించినవి. ఇవన్నీ చలి దేశాల కోసం తయారైనవి. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకు వాటిని వేసుకుని మధ్యాహ్నం దాకా కోయమంటే వడదెబ్బ తగులుతుంది. అందువల్ల ఎండాకాలంలో తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా కోత ఆపేయడం, వెనుక భాగం తెరిచి ఉండే తొడుగు వాడటం, ఆ తర్వాత ఒలుపు, ఎత్తుడు పనులను నీడ ఉన్న చోట చేయించడం మేలు. ఈ మార్పును కాగితం మీద రాసి చూపితే తనిఖీదారులు అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు. కట్టుకట్టే పెట్టె, 108కు చెప్పడానికి తోట ఉన్న చోటు గుర్తులు, పాము కరిస్తే గాయం కోయకుండా, తాడు బిగించకుండా, మంత్రగాడి ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రికి చేర్చాలన్న తెలివి, ఇవి ముఠాలో కనీసం ఇద్దరికి ఉండాలి.

మేస్త్రీలు తనిఖీలో ఎక్కువగా చిక్కుకునేది రంపం దగ్గర కాదు, అడ్వాన్సు దగ్గర. నెల్లూరు జిల్లాలో చాలా యానాది కుటుంబాలు మేస్త్రీల వద్ద ముందుగా డబ్బు తీసుకుని తోటల్లోనే గుడిసెలు వేసుకుని కర్ర కొడతాయి. అడ్వాన్సు ఇవ్వడమే నేరం కాదు. ఆ బాకీ తీరే దాకా మరో చోటికి వెళ్లనివ్వకపోవడం, కూలి మొత్తాన్ని బాకీ కింద జమ వేసుకోవడం, ఆధార్ కార్డు తీసిపెట్టుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తాయి. అది జైలు శిక్ష ఉన్న నేరం, ఎఫ్‌ఎస్‌సి దృష్టిలో ధ్రువపత్రమే పోగొట్టే తప్పు. అడ్వాన్సు ఎంత, ఎలా తీరుతుంది, ప్రతి వారం చేతికి వచ్చేది ఎంత అన్నది కూలీకి అర్థమయ్యేలా రాసి ఒక ప్రతి అతనికి ఇవ్వండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేత ఏ పనీ చేయించకూడదు, పద్దెనిమిది నిండని కుర్రవాడికి రంపం ఇవ్వకూడదు. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ కూలి ఇవ్వకూడదు. 'భార్యాభర్తల జంటకు కలిపి ఇంత' అనే పద్ధతి మన దగ్గర ఉంది. అందులో ఆమె పేరు ఏ కాగితం మీదా కనిపించదు కనుక దాన్ని వదిలేసి ఇద్దరికీ వేరుగా లెక్క రాయడం మంచిది.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌ల వల్ల మీకు మరో రెండు విషయాలు తెలిసి ఉండాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలని వృత్తి భద్రత కోడ్ చెబుతోంది. 50 మంది, అంతకు మించి కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టరుకు లైసెన్సు కావాలి. అంటే చట్టం లైసెన్సు అడిగితే మేస్త్రినే అడుగుతుంది, కూలీని కాదు. ప్రమాదం జరిగితే పరిహారం చెల్లించే బాధ్యత కూడా ముందు యజమాని మీద, అంటే చాలా సందర్భాల్లో మీ మీదే పడుతుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద మరణ బీమా ఉంది. ముఠాలో 18 నుంచి 70 ఏళ్ల వయసున్న, బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరినీ చేర్పించి, అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం నడిపే ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి. ఇవి పరిహారానికి ప్రత్యామ్నాయం కావు గానీ, ప్రమాదం జరిగిన రోజు ఆ కుటుంబానికి ఏదో ఒక ఆసరా ఉంటుంది.

ఇప్పుడు కార్డులు అమ్మే మనిషి సంగతి. మన దేశంలో నైపుణ్య ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థలకు గుర్తింపునిచ్చేది జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి. అనుభవంతో నేర్చుకున్న పనిని పరీక్షించి ధ్రువీకరించే పద్ధతి కూడా నిజంగానే ఉంది. అసలైన ధ్రువపత్రం మీద ఏ పనికి ఇచ్చారో, ఏ స్థాయిదో, ఎవరు మూల్యాంకనం చేశారో ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. దాని కోసం కూలీ తన చేత్తో పని చేసి చూపించాలి. పరీక్ష లేకుండా, ఫోటో, ఆధార్ నకలు, డబ్బు మాత్రమే అడిగే కార్డుకు విలువ లేదు. పైగా ఆ ఆధార్ నకళ్లు ఎక్కడికి పోతాయో తెలియదు. కొనుగోలుదారు షరతు రాతపూర్వకంగా వచ్చాక, శిక్షణ ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే మాట్లాడండి. రైతు సమూహాన్ని నడిపే సంస్థ కోత ముఠాలకు శిక్షణ ఏర్పాటు చేయడం న్యాయమే. అడగకపోతే మాత్రం ఆ ఖర్చు మీ టన్ను రేటులోంచే పోతుంది.

మీ మేనల్లుడి విషయంలో, విదేశాల్లో నిబంధనలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉన్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో చేత్తో పట్టుకునే మిషన్ రంపంతో చెట్లు పడగొట్టే వ్యక్తి అక్కడి శిక్షణ ప్రమాణం ప్రకారం అర్హత పొంది, వ్యక్తిగత ధ్రువీకరణ ఉన్నవాడై ఉండాలి. అది మనం ఇక్కడ చెప్పుకున్న దానికి పూర్తిగా భిన్నమైన పద్ధతి. అమెరికాలోని కాలిఫోర్నియాలో కోత వ్యాపారం చేసే కాంట్రాక్టరుకు లైసెన్సు తప్పనిసరి, అతని కింద కేవలం జీతానికి పనిచేసేవాడికి అది అక్కర్లేదు. బ్రిటన్‌లో వృత్తిగా చెట్ల మీద రంపం వాడేవాడికి సామర్థ్య ధ్రువపత్రం అడుగుతారు. యూరప్‌లో చాలా దేశాలు గుర్తించే రంపం ధ్రువపత్రానికి నాలుగు మెట్లున్నాయి. మొదటిది రంపం నిర్వహణ, పడిన కర్రను ముక్కలు కోయడం. రెండు, మూడు చిన్న చెట్లు, పెద్ద చెట్లు పడగొట్టడం. నాలుగోది గాలివానకు కూలి ఒకదానిపై ఒకటి పడిన చెట్లను విడదీయడం. ఇక్కడ కొన్న ఏ కార్డూ వీటికి బదులు కాదు. మన సరుగుడు తోటలో సంపాదించిన వేగం కూడా అక్కడి కొండవాలు మీది మహావృక్షాల దగ్గర నేరుగా పనికిరాదు, భాష రాకపోతే పరీక్షే గట్టెక్కదు. అతను ముందు ఏ దేశం, ఏ రాష్ట్రం అన్నది తేల్చుకుని, అక్కడి భద్రతా సంస్థ నియమాలు చదివి, ఆ తర్వాతే ఏజెంటుతో మాట్లాడాలి. ఆ ఏజెంటు 1983 వలస చట్టం కింద విదేశాంగ శాఖ వద్ద నమోదైనవాడో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. నమోదు సంఖ్య చెప్పడానికి తటపటాయిస్తే పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టవద్దు.